ఆట మన మాట వినడం మానేసిన చోటు

(హైదరాబాద్‌లో గేమ్ రైటింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు, ఆ రంగంలో పనిచేస్తున్నవాళ్ళు కలిసిన ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ఐకియా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ళు ఇంకా వస్తున్నారట. వాళ్ళ కోసం ఆగితే మనం ఇంటికి వెళ్ళేసరికి మెట్రో ఉండదు. మొదలుపెట్టేద్దాం.

మాస్ ఎఫెక్ట్ 3 గురించి ఇప్పుడెందుకండీ అని ఫోన్‌లో అడిగారు, నన్ను పిలిచినవాళ్ళు. న్యాయమైన ప్రశ్నే. 2012 మార్చిలో వచ్చిన ఆట. ఇక్కడ ముందు వరసలో కూర్చున్నవాళ్ళు అప్పటికి పలక బలపాలతో ఉండుంటారు. అయినా ఎందుకంటే, సీక్వెల్‌లో కథ ఎక్కడ చెడుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చెత్త ఆటలు తీసుకుంటే ఉపయోగం లేదు. చెత్త ఆటని వారంలో మర్చిపోతాం. ఇది గొప్ప ఆట. మళ్ళీ చెప్తున్నా, గొప్ప ఆట. అందుకే అంత కడుపు మండింది.

ఆడనివాళ్ళు ఎంతమంది? అమ్మో, చాలామందే ఉన్నారు. కథంతా చెప్పేస్తాను, ముగింపుతో సహా. చెవులు మూసుకుంటామంటే మీ ఇష్టం, తర్వాత నన్ను తిట్టుకోకండి.

ముందు క్లుప్తంగా. 2007లో మొదటి ఆట, 2010లో రెండోది, 2012లో మూడోది. చేసింది కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్ళో ఉన్న బయోవేర్. మూడోదాన్ని అమ్మింది ఈఏ. ఆ కంపెనీకి మన ఊళ్ళోనూ ఆఫీసు ఉంది కాబట్టి ఆ ఉద్యోగులెవరైనా ఈ హాల్లో ఉంటే మొహం మాడ్చుకోకండి, మిమ్మల్ని ఏమీ అనట్లేదు. కథలో మీరు కమాండర్ షెపర్డ్. ఆడో మగో మీరే ఎంచుకుంటారు. రీపర్లు అని కొండలంత యంత్రాలు. 50,000 ఏళ్ళకోసారి వచ్చి, ఎదిగిన జాతులన్నిటినీ కోతకోసినట్టు కోసేసి వెళ్ళిపోతాయి. ఈసారి మన వంతు. ఆపాలి. అంతే కథ.

కథ ఇంతే అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈ ఆటలు ఒక మాట ఇచ్చాయి. మొదటి ఆటలో మీరు చేసిన పని రెండో ఆటకి గుర్తుంటుంది, రెండోదాంట్లో చేసింది మూడోదానికి గుర్తుంటుంది. మీ సేవ్ ఫైల్ అలా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వెళ్తుంది. మొదటి ఆటలో వర్మైర్ అనే గ్రహం మీద ఇద్దరు సహచరుల్లో ఒకరినే కాపాడగలరు. రెండోవాళ్ళు పోతారు. పోయినవాళ్ళు పోయినట్టే. అయిదేళ్ళ తర్వాత మూడో ఆట పెడితే బతికినవాళ్ళే ఎదురొస్తారు. ఆ రోజుల్లో ఇలా మూడు ఆటల పొడుగునా లెక్క రాసిపెట్టుకున్న పెద్ద ఆట ఇంకోటి ఏదండీ? మనం గుర్తుపెట్టుకోవడం కాదు, అదే మనల్ని గుర్తుపెట్టుకునేది. ఆ రుచి మరిగినవాళ్ళం మేమంతా.

ఇప్పుడు రాసేవాళ్ళ వైపు నుంచి చూద్దాం. నేను టీవీ సీరియళ్ళకి మాటలు రాసి రాసి ఈ గేముల పనిలోకి వచ్చినదాన్ని. సీరియల్లో ఒక ట్రాక్ పట్టాలెక్కిందంటే ఒకటే దారి. అత్తగారు విషం కలిపిందా లేదా, ఒకటే జవాబు. ఆటలో రెండు జవాబులు. రెండూ నిజం. ఇలాంటివి పది పెట్టారనుకోండి, ఒక్కోదానికి రెండు దారులు. పది రెండుల్ని ఒకదాంతో ఒకటి గుణించండి. 1,024. అన్ని కథలు ఎవరు రాస్తారు? ఎవరు గొంతు ఇస్తారు? ఎవరు టెస్ట్ చేస్తారు? టెస్టింగ్ వాళ్ళు ఇక్కడ నవ్వుతున్నారు, వాళ్ళకి తెలుసు.

అందుకని ఏం చేస్తామంటే, పాయల్ని విడదీస్తాం, కాసేపు వేరువేరుగా పారనిస్తాం, మళ్ళీ తెచ్చి ఒకేచోట కలిపేస్తాం. ఇది మోసం కాదు, పని జరిగే పద్ధతి. కాకపోతే కలిపినట్టు ఆడేవాళ్ళకి తెలియకూడదు. తెలిసిందా, అయిపోయింది.

మూడో ఆటలో ఇది తెలిసిపోయింది. ముగింపులో కాదు, చాలా ముందే. ముగింపు గురించే అందరూ అరిచారు కానీ గట్టు అంతకుముందే కోసుకుపోతూ ఉంది. రెండు సంగతులు చెప్తాను.

మొదటి ఆటలో రాక్నీ అని పురుగుల జాతి. ఒకప్పుడు అంతరిక్షాన్ని వణికించిన జాతి. వాటి ఆఖరి రాణి నోవేరియా అనే మంచు గ్రహం మీద ఒక గాజు ట్యాంకులో మీ చేతికి చిక్కుతుంది. చంపుతారా, వదిలేస్తారా? ఒక జాతి మొత్తం మిగలాలా పోవాలా అనేది మీ బొటనవేలి కింద ఉంది. నేను ఆట ఆపి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. వదిలేశాను. వేరే సేవ్‌లో చంపి చూశాను కూడా, వృత్తి దోషం. మూడో ఆటకి వస్తే, వదిలేసినవాళ్ళకి ఆ రాణి రీపర్ల చేతికి చిక్కి కనబడుతుంది. చంపినవాళ్ళకి? వాళ్ళకీ ఒక రాణి కనబడుతుంది! రీపర్లు తయారుచేసుకున్న ఇంకో రాణి అట. అదే గుహ, అదే మిషన్. మంచినీళ్ళు తాగి వచ్చిందంతా దేనికి?

రెండోది సిటడెల్ కౌన్సిల్. సిటడెల్ అంటే అంతరిక్షంలో ఒక పెద్ద కేంద్రం, జాతులన్నిటి తరఫునా పాలించే మండలి అక్కడే కూర్చుంటుంది. మొదటి ఆట చివర్లో మనుషుల తరఫున ఎవరు కూర్చోవాలో మీరు చెప్తారు, ఆండర్సనా, ఉడీనానా అని. ఆండర్సన్ నిజాయితీగల సైనికుడు. ఉడీనా ఎలాంటివాడో మొహం చూస్తేనే తెలుస్తుంది. మీరు ఆండర్సన్ అన్నారు. రెండో ఆటలో ఆయనే కుర్చీలో ఉంటాడు, బాగుంది. మూడో ఆటకి వచ్చేసరికి ఆయన రాజీనామా చేసేశాడు, ఉడీనా కూర్చున్నాడు. ఎందుకు? కథలో ఉడీనా ద్రోహం చేయాల్సిన సీన్ ఒకటుంది, దానికి ఆ కుర్చీలో ఉడీనానే కావాలి. అంతే.

నేను వీటిని క్షమించాను. నిజంగానే. ఆ లెక్క వేసినదాన్ని కాబట్టి క్షమించాను. పాయలు కలపాలి, కలిపారు, కుట్టు బయటికి కనబడింది, పోనీలే అనుకున్నాను.

ఎందుకు పోనిచ్చానంటే, మధ్యలో టుచాంకా ఉంది.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిక పట్టండి. క్రోగన్లు అని యుద్ధజాతి, టుచాంకా వాళ్ళ గ్రహం. వాళ్ళ జనాభా పెరక్కుండా సలారియన్లు అనే శాస్త్రజ్ఞుల జాతి ఒక జబ్బు తయారుచేసింది, జీనోఫేజ్ అని. వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డ బతుకుతుంది. మిగతా అంతా చచ్చిపుట్టడమే. ఇది మొదటి ఆట నుంచి ఉన్న కథ. మొదటి ఆటలో రెక్స్ అనే క్రోగన్ మీ పక్కనే ఉంటాడు. ఈ జబ్బుకి మందు విషయంలోనే మీ మీద తుపాకీ ఎత్తుతాడు. నచ్చచెప్పుకోగలిగితే బతుకుతాడు, లేకపోతే అక్కడే పోతాడు. రెండో ఆటలో మోర్డిన్ అని సలారియన్ డాక్టరు. మాట్లాడితే రైలు వెళ్ళినట్టు మాట్లాడతాడు, మధ్యలో కూనిరాగాలు తీస్తాడు. ఆ జబ్బు బలహీనపడుతుంటే మళ్ళీ పదును పెట్టింది ఈయనే. అది తప్పని ఒప్పుకోడు, ఒప్పుకోకుండా ఉండనూ లేడు. ఆయన శిష్యుడొకడు మందు కనిపెట్టే ప్రయత్నంలో క్రోగన్ ఆడవాళ్ళ మీద ఘోరమైన ప్రయోగాలు చేస్తాడు. ఆ సమాచారం దాచిపెట్టాలా, తగలబెట్టాలా? అదీ మీ చేతిలోనే.

మూడో ఆటలో ఇవన్నీ ఒక్కచోటికి వస్తాయి. మందు సిద్ధం. గాల్లోకి వదలాలంటే ఒక గోపురం పైకి ఎవరో వెళ్ళాలి, వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. మోర్డిన్ వెళ్తానంటాడు. ఇప్పుడు చూడండి లెక్క. రెక్స్ మొదటి ఆటలో పోయి ఉంటే వాళ్ళ నాయకుడు రీవ్ అనే దుర్మార్గుడు అవుతాడు. శిష్యుడి సమాచారం రెండో ఆటలో తగలబెట్టి ఉంటే, క్రోగన్లని మంచిదారిలో పెట్టగల ఒకే ఒక ఆడమనిషి ఇక్కడ చచ్చిపోతుంది. ఈ రెండూ జరిగి ఉంటే, మందిస్తే ఆ జాతి మళ్ళీ యుద్ధానికి దిగుతుందని మోర్డిన్‌కి నచ్చచెప్పొచ్చు. ఆయన వెనక్కి తగ్గుతాడు, బతుకుతాడు. రెక్స్ ఉంటే, ఆ అమ్మాయి ఉంటే, ఆయన్ని ఆపాలంటే ఒకటే దారి, వీపులో కాల్చడం. కాల్చకపోతే ఆయన లిఫ్టు ఎక్కుతాడు. ఎందుకు మీరే అంటే, ఇంకొకరైతే తప్పు చేసేవాళ్ళు అంటాడు. మంటల మధ్య నిలబడి, రెండో ఆటలో మనకి పాడి వినిపించిన ఆ పాటే తీస్తాడు, వణుకుతూ. పూర్తి కాదు.

అయిదేళ్ళ కిందట ఒక బీచ్‌లో ఒకడితో మాట్లాడిన మాట, రెండేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో తీసుకున్న నిర్ణయం, ఈ గోపురం దగ్గర నిలబడి మీకేసి చూస్తున్నాయి. సీరియల్లో ఇలాంటి సీన్ మేం జన్మలో రాయలేం. సినిమాలోనూ కుదరదు. ఇది ఆటకే చేతనవుతుంది. దీన్ని రాసినవాళ్ళు అసమర్థులా? కాదు కదా. అందుకే చివర్లో జరిగిందానికి చేతకాలేదు అనే వంక కూడా లేదు.

ఇంకో పది నిమిషాల్లో అసలు సంగతికి వస్తాను. ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తారా బాబూ, మైకులో గాలి శబ్దం వస్తోంది.

క్వేరియన్లు, గెత్‌లు. క్వేరియన్లు పనివాళ్ళుగా గెత్ అనే యంత్రాల్ని చేసుకున్నారు. ఆ యంత్రాలు ఒకరోజు మాకు ఆత్మ ఉందా అని అడిగాయి. యజమానులు హడలిపోయి చంపబోయారు. యంత్రాలు తిరగబడ్డాయి, యజమానులు ఓడిపోయి సొంత గ్రహం వదిలి 300 ఏళ్ళుగా ఓడల్లో బతుకుతున్నారు. మీ జట్టులో ఒక క్వేరియన్ అమ్మాయి ఉంది, టాలి. ఒక గెత్ ఉంది, లీజియన్. మూడో ఆటలో రెండు జాతులూ చివరి యుద్ధానికి దిగుతాయి. మామూలుగా అయితే ఒకరిని ఎంచుకోవాలి, రెండోవాళ్ళు మొత్తం పోతారు. కానీ రెండో ఆట నుంచీ జాగ్రత్తగా నడుచుకొచ్చి ఉంటే, టాలి, లీజియన్ ఇద్దరూ బతికుంటే, వాళ్ళ గొడవ అప్పట్లోనే తీర్చి ఉంటే, మీకు మూడో దారి తెరుచుకుంటుంది. సంధి. గెత్‌లు క్వేరియన్లతో కలిసి ఇళ్ళు కట్టడానికి సాయం చేస్తాయి. చేసినవాళ్ళనీ చేయబడ్డవాళ్ళనీ మీరే, మీ చేతులతో, ఒకే నేల మీద నిలబెట్టారు.

ఇది గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు చివరికి వెళ్దాం.

రక్తం ఓడుతూ షెపర్డ్ సిటడెల్ పైకి చేరతాడు. అక్కడ ఒక పిల్లాడు. ఆట మొదట్లో వాంకూవర్ మీద దాడి జరిగినప్పుడు మన కళ్ళముందు పోయిన పిల్లాడి రూపంలో ఒక వెలుగు. కాటలిస్ట్ అట. పేరు విన్నాం కానీ, మూడు ఆటల్లో ఆ క్షణం దాకా అదొక పాత్ర అనే తెలియదు. అది చెప్తుంది: జీవులు యంత్రాల్ని చేస్తాయి, యంత్రాలు ఎప్పటికైనా జీవుల్ని చంపుతాయి, అలా జరక్కుండా రీపర్లని పంపి ముందే మిమ్మల్ని కోసేస్తున్నాను. మూడు దారులు చూపిస్తుంది. యంత్రాలన్నిటినీ నాశనం చెయ్యి, లేదా వాటిని నీ అదుపులోకి తీసుకో, లేదా జీవుల్నీ యంత్రాల్నీ ఒకటిగా కలిపెయ్యి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ.

నా ప్రశ్న. యంత్రాలూ జీవులూ కలిసి బతకలేరని అది అంటున్నప్పుడు, క్వేరియన్ల సొంత గ్రహం రానోక్ మీద నేను చేయించిన సంధి ఎక్కడికి పోయింది? ఆ క్షణాన ఆకాశంలో గెత్ ఓడలూ క్వేరియన్ ఓడలూ పక్కపక్కనే యుద్ధం చేస్తున్నాయండీ! కిటికీలోంచి కనబడుతున్నాయి! చెయ్యెత్తి చూపించి, అటు చూడు నాయనా అంటే చాలు. ఆ మాట అనడానికి నాకు మీట లేదు. ఇంతకాలం ప్రతి గుమస్తాతోనూ, ప్రతి దుకాణం వాడితోనూ వాదించనిచ్చిన ఆట, మొత్తం కథకి కారణమైనవాడు ఎదురుగా నిలబడితే నా నోరు నొక్కేసింది. పైగా ఎరుపు ఎంచుకుంటే ఆ గెత్‌లు కూడా చచ్చిపోతాయి.

షెపర్డ్ చచ్చిపోవడం నాకు బాధ లేదు. విషాదాంతం అయితే ఏమైంది? మనం అభిమన్యుడి కథ వింటూ పెరిగినవాళ్ళం. ఆ పిల్లాడి తర్కం తప్పు అని కూడా నేననట్లేదు, విలన్‌కి తప్పు తర్కం ఉండొచ్చు, ఉండాలి. నాకు జవాబు చెప్పే అవకాశం ఇవ్వలేదు, అదీ నా గొడవ.

ఇప్పుడు పాయల సంగతికి మళ్ళీ వస్తాను. రెండో ఆటలో పాయలు ఎందుకు కలపాలి? మూడో ఆట రాయాలి కాబట్టి. మరి మూడో ఆట చివర్లో? ఆ తర్వాత షెపర్డ్ కథ లేదు. ఇక కలపాల్సిన పనే లేదు! 1,024 దారులు వద్దు, అయిదారు దారులు ఎటు కావాలంటే అటు పారనివ్వచ్చు, సముద్రంలోకే కదా పోయేది. మూడు ఆటల్లో రచయితకి పూర్తి స్వేచ్ఛ ఉన్న చోటు అదొక్కటే. సరిగ్గా అక్కడే అందరి పాయల్నీ తెచ్చి ఒకే పైపులో పోశారు. నేను ఏం చేసినా, ఎవరిని బతికించినా, చివరికి అది సైన్యబలం పట్టికలో ఒక అంకె. రాక్నీ రాణిని కాపాడినందుకు ఒక అంకె. చివరి యుద్ధంలో మన పక్షాన ఒక్క రాక్నీ కూడా కనబడదు. ఎదుటి పక్షంలో మాత్రం ఆటంతా కనబడతాయి, రీపర్లు మార్చేసిన రాక్నీలు.

ఆట రాకముందు దర్శకుడు కేసీ హడ్సన్ ఇంటర్వ్యూలో అన్నాడు, ముగింపులు ఎ, బి, సి అని లెక్కపెట్టేలా ఉండవని. వచ్చింది సరిగ్గా అదే. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అన్నట్టు, మూడింట్లో ఏది ఎంచుకున్నా వీడియో దాదాపు ఒకటే, రంగు మారుతుంది.

చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. మాస్ రిలే అని నక్షత్రాల మధ్య ప్రయాణానికి వాడేవి. ఒక రిలే పేలితే ఆ సౌర మండలమే బూడిదవుతుందని 2011లో వచ్చిన అరైవల్ అనే అదనపు కథలో వాళ్ళే చూపించారు. 3 లక్షల మంది పోయారు అందులో. ఏడాది తిరక్కుండా ముగింపులో రిలేలన్నీ పేల్చేశారు. మరి అందరూ పోయారా? చెప్పలేదు. చివరి యుద్ధంలో లండన్‌లో నా పక్కన పరిగెత్తిన సహచరులు, రెండు నిమిషాల తర్వాత ఎక్కడో అడవిగ్రహం మీద కూలిన ఓడలోంచి నవ్వుతూ దిగుతారు. ఎప్పుడెక్కారు? కై లెంగ్ అని ఒక కత్తివీరుడు. థెస్సియా అనే గ్రహం మీద నేను వాణ్ణి చితక్కొట్టాను. నా చేతిలోంచి ఆట తీసుకుని, వీడియోలో వాణ్ణి గెలిపించారు. ఓడినవాడు తర్వాత ఈమెయిల్ పెట్టి వెక్కిరిస్తాడు నన్ను! మూడు ఆటల పొడుగునా ప్రొథియన్లు ప్రొథియన్లు అని, కిందటిసారి రీపర్లు కోసేసిన జాతి గురించి ఊరించి, బతికున్న ఒకే ఒక్క ప్రొథియన్‌ని ఆట విడుదలైన రోజే 10 డాలర్లకి విడిగా అమ్మారు. టాలి మొహం రెండు ఆటల్లో చూపించలేదు. మూడోదాంట్లో ఒక ఫోటో ఇస్తుంది, తీరా చూస్తే అది అమ్మకానికి దొరికే స్టాక్ ఫోటోకి మెరుగులు దిద్దింది. 2021లో వచ్చిన లెజెండరీ ఎడిషన్‌లో మార్చారులెండి.

అన్నిటికంటే, క్రెడిట్స్ అయ్యాక ఒక పెట్టె వస్తుంది తెర మీద. షెపర్డ్ రీపర్ల ముప్పు తొలగించి చరిత్రకెక్కాడు, ఇంకా ఆడి, డౌన్‌లోడ్ కథలతో ఆ గాథని కొనసాగించండి అని. నేను ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నాను. ఎదురుగా షాపు బోర్డు.

సరే, ఎందుకిలా జరిగింది? లోపల గదుల్లో ఏం జరిగిందో మనకెందుకు. బయటికి కనబడేది చెప్తాను. మొదటి ఆటకి ముఖ్య రచయిత డ్రూ కార్పిషిన్. రెండోదానికి ఆయన, మ్యాక్ వాల్టర్స్ కలిసి. మూడోదానికి వాల్టర్స్. కార్పిషిన్ వేరే ఆటకి వెళ్ళిపోయాడు. రెండో ఆటలో టాలిని వెతుక్కుంటూ హేస్ట్రమ్ అనే గ్రహానికి వెళ్తాం. అక్కడి సూర్యుడు వయసుకి మించి ముసలైపోతున్నాడు. ఏదో చీకటి శక్తి కారణం అంటారు. అక్కడి ఎండలోకి వెళ్తే మీ కవచం కాలిపోతుంది. నీడ నుంచి నీడకి పరిగెడుతూ ఆడాలి. అంటే ఆ సంగతిని మన చర్మానికి తగిలేలా నాటారు. మూడో ఆటలో దాని ఊసు లేదు. రీపర్ల కథకి దాన్ని మూలకారణం చేయాలనే ఆలోచన అప్పట్లో ఉండేదని కార్పిషిన్ తర్వాత చెప్పాడు. ఆలోచన మార్చుకోవడం తప్పు కాదు. నాటినదాన్ని పీకాలి కదా, లేకపోతే నీళ్ళైనా పోయాలి కదా.

ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పూర్తిచేయడం అసాధ్యమా? ఆ మాట తెలుగువాళ్ళ దగ్గర అనకూడదు. మన భారతం ముగ్గురు రాశారు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు, పదకొండో శతాబ్దం. తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు, మధ్యలో ఖాళీ వదిలేసి. ఎర్రన వచ్చి ఆ ఖాళీ నింపింది పద్నాలుగో శతాబ్దంలో. ఆయన పరిస్థితి ఊహించుకోండి. ముందు నన్నయ, వెనక తిక్కన, రెండు వైపులా కదపడానికి వీల్లేని గోడలు. నన్నయ ఆఖరి పద్యాల్లో శరత్కాలపు రాత్రుల్ని వర్ణించి ఆపాడు. ఎర్రన ఎక్కడ ఎత్తుకున్నాడు? అదే శరత్తులో, తెల్లవారుజామున. రాత్రి ఆయన ఆపితే పొద్దున ఈయన మొదలుపెట్టాడు. నన్నయలా మొదలై, పోనుపోను తిక్కనలోకి జారుతుంది శైలి. తన రాజుకి కాదు, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు, నన్నయే రాసినట్టు. ఎర్రన తక్కువవాడా? ప్రబంధపరమేశ్వరుడు. తన ముద్ర వేయలేకనా? ముందు వచ్చినవాడు ఏ పద్యం దగ్గర ఆపాడో చదివి కూర్చున్నాడు. మీరు రేపు ఇంకొకరి ఆటకి రెండో భాగం రాస్తారు. డిజైన్ డాక్యుమెంట్ తర్వాత చూడొచ్చు, మొదట ఆ ఆట ఆడి, అందులో నాటినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

అభిమానుల సంగతి. గోల మామూలుగా లేదు. ముగింపు మార్చాలని ఉద్యమం నడిపారు, ఆ పేరుతోనే పిల్లల ఆసుపత్రులకి సాయంచేసే సంస్థకి 80,000 డాలర్లకి పైగా పోగుచేశారు. దాదాపు 400 కప్‌కేకులు బయోవేర్ ఆఫీసుకి పంపారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, మూడు రంగుల్లో. రుచి మాత్రం అన్నిటికీ ఒకటే. ఇంతకంటే మంచి సమీక్ష నేను చదవలేదు. ఆట వచ్చిన నెలలోనే బయోవేర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రే ముజికా బహిరంగ లేఖ రాశాడు. జూన్ 26న ఎక్స్‌టెండెడ్ కట్ అని ఉచితంగా ఇచ్చారు. రిలేలు పూర్తిగా నాశనం కాలేదని చూపించారు, సహచరులు ఓడ ఎలా ఎక్కారో చూపించారు, ఎవరెవరు ఏమయ్యారో బొమ్మలతో చెప్పారు. నాలుగో దారి కూడా ఇచ్చారు, ఈ మూడూ నాకొద్దు అనొచ్చు. అంటే ఏమవుతుంది? అందరూ చస్తారు. రీపర్లు గెలుస్తాయి. రచయిత అలిగినట్టుంది నాకు.

మంచి మనసుతోనే చేశారు, కాదనను. కానీ మేం అడిగింది వివరణ కాదు. రిలే ఎలా బాగుపడిందో తెలిస్తే నాకేంటి, తెలియకపోతే నాకేంటి? నా సంధి గురించి అక్కడ ఎవరైనా ఒక్క మాట మాట్లాడాలి. అది రాలేదు.

ప్రశ్నలుంటే అడగండి. అదిగో, నీలం చొక్కా బాబు.

(ముగింపు నచ్చకపోతే మార్చమని అడిగే హక్కు ఆడేవాళ్ళకి ఉందా అని ఒకరు అడిగారు.)

లేదు. తిట్టే హక్కుంది, డబ్బు పెట్టి కొన్నారు కాబట్టి. మార్చు అనకూడదు. అలా అంటే రేపటి నుంచి రాసేవాళ్ళంతా ఎవరికీ కోపం రాని కథలే రాస్తారు. సీరియల్లో ఇది చూశాను నేను. రేటింగ్ తగ్గిన వారం చచ్చినవాడు లేచొస్తాడు. అలాంటి లేవడంలో ప్రాణం ఉండదు. ముగింపు అలాగే ఉంచి, మీరు చేసింది మీరు మోయండి అని ఉంటే నాకు ఇంకా గౌరవం ఉండేది. ఈ విషయంలో నాతో ఒప్పుకోనివాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, ఇందాకే ఒకరు తల అడ్డంగా ఊపారు.

(మీరైతే చివరి సీన్ ఎలా రాసేవారని ఇంకొకరు అడిగారు.)

ఎక్కువ మార్చేదాన్ని కాదు తల్లీ. కొత్త యానిమేషన్ లేదు, కొత్త సెట్ లేదు, బడ్జెట్ అడిగే ధైర్యం లేదు నాకు. పిల్లాడు అలాగే ఉంటాడు, మూడు దారులూ ఉంటాయి. సంధి చేసినవాళ్ళకి మాత్రం డైలాగ్ చక్రంలో ఒక మాట ఎక్కువ వస్తుంది. అది నొక్కితే షెపర్డ్ కిటికీకేసి చూపించి, వాళ్ళిద్దరూ కలిసే ఉన్నారు అంటాడు. పిల్లాడు అటు చూస్తాడు. కొంచెంసేపు ఏమీ అనడు. తర్వాత, వాళ్ళకి ఇంకా వెయ్యేళ్ళు గడవలేదు కదా అంటాడు. అంతే, మళ్ళీ మూడు దారులు. గొంతుకి రెండు లైన్ల రికార్డింగు. సంధి చెయ్యనివాళ్ళకి ఆ మాటే కనబడదు. ఎరుపు నొక్కేవాళ్ళకి మాత్రం చెయ్యి వణకాలి.

(కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆడొచ్చా అని వెనక నుంచి అడిగారు.)

తప్పకుండా ఆడండి. లెజెండరీ ఎడిషన్‌లో మూడూ కలిసి ఉన్నాయి, అదనపు కథలు కూడా. మొదటిదాని నుంచే మొదలుపెట్టండి, మూడోది నేరుగా ఆడితే ఈ గొడవంతా మీకు తగలదు. వర్మైర్‌లో రెక్స్‌తో మాట్లాడేముందు అతని ఇంటి కవచం వెతికిపెట్టే పని పూర్తిచేయండి, నచ్చచెప్పడం తేలికవుతుంది. చివరి మిషన్‌కి వెళ్ళేముందు సిటడెల్ అనే అదనపు కథ ఆడండి. పాత జట్టంతా ఒక ఇంట్లో పార్టీ చేసుకుంటారు, ఊరికే కబుర్లు చెప్పుకుంటూ. చాలామంది దాన్నే అసలు ముగింపు అనుకుని అక్కడే ఆపేస్తారు. మీరు ఆపకండి, ఆ పిల్లాడి దాకా వెళ్ళండి, వెళ్ళి వచ్చాక మనం దెబ్బలాడుకుందాం. టీ వచ్చినట్టుంది, లేవండి.